తోడుంటే భయం పోతుంది, చిక్కంతా అదే

కొత్త సర్వైవల్ గేమ్ ఏది కనిపించినా మా తమ్ముడు అడిగే మొదటి మాట, "అక్కా, కో-ఆప్ ఉందా?" అంటే కొందరు ఒకే జట్టుగా కలిసి ఆడే వీలుందా అని. లేదన్నామా, ఆ గేమ్ సంగతి వాడికి అక్కడితో సరి. నా పద్ధతి వేరు. మొదటిసారి నేనొక్కదాన్నే ఆడాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గదిలో లైటు తీసేసి, పక్కన ఎవరూ మాట్లాడకుండా. కొన్నేళ్లుగా ఒకే గేముల్ని వాడు గుంపుతో, నేను ఒంటరిగా, ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆడుతూ వచ్చాం. మల్టీప్లేయర్ పెట్టడం వల్ల ఏది బాగుపడింది, ఏది పలచబడింది అన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఏర్పడ్డాయి.

ఈ గేముల్లో రెండు రకాల ఆట కలగలిసి ఉంటుంది. కట్టెలు కొట్టడం, ఆకలి తీర్చుకోవడం, రాత్రికి తలదాచుకోను గోడలు లేపడం లాంటి చాకిరీ ఒకటి. కొండ అవతల ఏముందో తెలియకుండా అడుగు వేయడం రెండోది. తోడు దొరికితే చాకిరీ కాస్తా సరదా అయిపోతుంది. కొండ అవతలి సంగతికి మాత్రం అదే తోడు ఎసరు పెడుతుంది. ఎందుకంటే కొత్త చోటుని మొదట చూసేది ఒక్కరే. మిగతావాళ్లకు అది కబురుగా చేరుతుంది.

దీనికి నాకు తెలిసినంతలో సబ్‌నాటికా అనే గేమ్‌ని మించిన ఉదాహరణ లేదు. 2014 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లోకి (తయారీ పూర్తికాకముందే ఆడనిచ్చే దశ) వచ్చి, 2018 జనవరిలో పూర్తి రూపంలో విడుదలైంది. అన్‌నోన్ వరల్డ్స్ వాళ్లు దాన్ని ఒక్కరు ఆడే ఆటగానే తయారుచేశారు. అరోరా అనే అంతరిక్ష ఓడ కూలిపోయి, చుట్టూ సముద్రం తప్ప ఏమీ లేని గ్రహం మీద పడతాం. చేతికి మ్యాప్ ఇవ్వరు. ట్యాంకు లేకపోతే ఊపిరి 45 సెకన్లే. అరోరా వెనక వైపు నీళ్లు మసకమసకగా ఉంటాయి. అక్కడ రీపర్ లెవయతాన్ అనే భారీ జంతువు కంటికి కనబడకముందే చెవికి వినబడుతుంది. ఆ అరుపు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలీదు, ఎంత దూరంలో ఉందో తెలీదు. సీమాత్ అనే నా చిన్న జలాంతర్గామి లైట్లు ఆర్పేసి, మోటారు ఆపేసి, కదలకుండా కూర్చున్న క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. అది నిజంగా దొరకబుచ్చుకుంటే సీమాత్‌ని కొండీల మధ్య ఇరికించుకుని, మొహం అద్దానికి ఆనించి ఊపుతుంది. అప్పుడు నేను అరిచిన అరుపు ఎవరూ వినలేదు కాబట్టి పరువు దక్కింది.

అదే సముద్రంలోకి అభిమానులు తయారుచేసిన, ఆ గేమ్‌ని కలిసి ఆడనిచ్చే నైట్రాక్స్ మోడ్‌తో తమ్ముడూ నేనూ దిగాం. వాడు అప్పటికే ఆ ప్రాంతమంతా తిరిగేసి ఉన్నాడు. మసక నీళ్లలోకి ఇలా అడుగుపెట్టానో లేదో వాయిస్ చాట్‌లో, "అక్కా, ఎడమకి రాకు, అక్కడో రీపర్ ఉంది. భయపడకు, నేను అటు లాగుతా." అంతే. ఆ క్షణం నుంచి రీపర్ ఒక ట్రాఫిక్ సమస్య. భయపెట్టే జంతువు కాస్తా తప్పించుకుపోవాల్సిన అడ్డంకి అయింది. మోడ్‌లో లోపం ఏమీ లేదు, తమ్ముడిలోనూ లేదు. తెలియనితనం మీద కట్టిన ఆటలోకి తెలిసిన మనిషి వస్తే జరిగేది అదే.

అయితే ఒక్క చోట మాత్రం నేను పూర్తిగా వాడి పక్షానికి వచ్చేశాను. సైక్లాప్స్. అది చిన్న ఇల్లంత జలాంతర్గామి. ముందు చుక్కాని గది, వెనక ఇంజన్ గది, కింద చిన్న వాహనం పెట్టుకునే డాక్. ఒంటరిగా నడిపేటప్పుడు ఇంజన్‌లో మంటలు లేస్తే చుక్కాని వదిలేసి వెనక్కి పరిగెత్తాలి. ఈలోపు ఓడ ఏ రాయికి కొట్టుకుంటుందో దేవుడికే తెలియాలి. ఇద్దరుంటే ఒకరు నడుపుతారు, ఒకరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని వెనక నిలబడతారు. "ఇంజన్ ఆపు, ఆపు, సైలెంట్ రన్నింగ్ పెట్టు" అని వాడు వెనక నుంచి కేకలేస్తుంటే, ఆ ఓడ ఇన్నాళ్లకు తన సిబ్బందిని వెతుక్కున్నట్టు అనిపించింది. ఒక్కరి కోసం చేసిన గేమ్‌లో ఇద్దరి కోసం పుట్టిన వస్తువు అది.

సబ్‌నాటికాలోనే ఇంకో చిన్న ఏర్పాటు ఉంది, చాలామంది పట్టించుకోరు. ఆట పూర్తిచేసి రాకెట్ ఎక్కేవాళ్లు ఒక టైమ్ క్యాప్సూల్‌లో కొన్ని వస్తువులూ ఒక సందేశమూ వదిలి వెళ్లొచ్చు. అవి ఎవరో ముక్కూమొహం తెలియని ఆటగాళ్ల సముద్రంలో తేలతాయి. లోతులో తిరుగుతుంటే నాకూ ఒకటి దొరికింది. ఇసకలో సగం కూరుకుపోయి ఉంది. తెరిస్తే బ్యాటరీ ఒకటి, ధైర్యం చెబుతూ రెండు ముక్కలు. మనుషుల జాడ కావాలి కానీ మనుషులు వద్దు అనుకునే నాలాంటివాళ్లకు ఇంతకన్నా మంచి మల్టీప్లేయర్ ఉండదు. 2019లో వచ్చిన డెత్ స్ట్రాండింగ్ మొత్తం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. వాగు మీద ఎవరో వేసిన నిచ్చెన మనకు కనిపిస్తుంది, వేసిన మనిషి ఎప్పటికీ కనిపించడు. మనం చేయగలిగింది ఒక లైక్ కొట్టి దాని మీద నడిచిపోవడమే.

ఇక డోంట్ స్టార్వ్ టుగెదర్. ఇది నేను ఎవరికైనా కళ్లు మూసుకుని చెప్పే గేమ్. క్లే స్టూడియో వాళ్లు 2013లో ఒక్కరి ఆటగా డోంట్ స్టార్వ్ తెచ్చారు. తర్వాత మల్టీప్లేయర్‌ని దానికే అతికించకుండా టుగెదర్ అని వేరే గేమ్‌గా చేసి, 2016లో పూర్తి రూపంలో విడుదల చేశారు. తేడా అంతా ఇక్కడే ఉంది. రెండోవాణ్ణి లోపలికి రానివ్వాలంటే ఏమేం మార్చాలో వాళ్లు కూర్చుని ఆలోచించారు.

చావునే తీసుకోండి. పాత ఆటలో బతికించుకునే వస్తువులేవీ లేకుండా చచ్చిపోతే ప్రపంచమే పోయింది. అది అలాగే ఉంచితే కో-ఆప్‌లో చచ్చినవాడు మిగతావాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవాలి. వదులు చేసి వెంటనే లేచి వచ్చేలా పెడితే చావుకి విలువ ఉండదు. వీళ్లు చేసిందేమిటంటే, చచ్చినవాడు దయ్యమై అక్కడే తిరుగుతాడు. వాడు దయ్యంగా ఉన్నంతసేపూ బతికున్నవాళ్ల మతి మెల్లగా తరిగిపోతుంది. బతికించాలంటే టెల్‌టేల్ హార్ట్ అనే గుండెని తయారుచేయాలి. చేసేవాళ్ల ఆరోగ్యంలోంచి 40 పాయింట్లు పోతాయి. అందరూ దయ్యాలైపోతే 120 సెకన్ల లెక్క మొదలవుతుంది. ఆలోపు ఎవరూ లేవకపోతే ప్రపంచం మొదటికొస్తుంది.

ఇది ఆడేటప్పుడు ఎలా ఉంటుందో చెప్తాను. చలికాలం, చీకటి పడుతోంది. తమ్ముడు ఏదో బల్ల మీద చేయి వేసినంత ధీమాగా డీర్‌క్లాప్స్ అనే రాక్షసి మీదకి వెళ్లి దయ్యమయ్యాడు. నాకు ఆరోగ్యం సగమే ఉంది. గుండె చేశానంటే ఇంకో దెబ్బకి నేనూ పోతాను. చేయకపోతే వాడి దయ్యం నా చుట్టూ తిరుగుతూ మతి పోగొడుతుంది, తెర అంచుల్లో నీడలు కదలడం మొదలవుతుంది. "అక్కా, చెయ్యవే" అని వాడు. "ఉండరా, ముందు మంటలో కట్టె వేయనీ" అని నేను. ఒంటరిగా ఆడినప్పుడు ఈ గేమ్‌లో ఆకలికి భయపడ్డాను, చీకటికి భయపడ్డాను. ఒకరి ప్రాణం కోసం నా ప్రాణంలోంచి ఎంత తీసి ఇవ్వాలి అన్న లెక్క అక్కడ లేదు. పాత భయం ఒకటి పోయి కొత్త భయం ఒకటి వచ్చింది. మల్టీప్లేయర్ వల్ల మేలు జరగడం అంటే నా దృష్టిలో ఇదీ.

ఇందులోనూ లోటు లేకపోలేదు. పాత ఆటలో మ్యాప్ తెరిస్తే కాలం ఆగేది, తీరిగ్గా ఆలోచించుకునే వీలుండేది. ఇద్దరు ఆడుతుంటే మ్యాప్ చూస్తున్నంతసేపూ పొద్దు గుంకుతూనే ఉంటుంది. నాలాంటి నెమ్మది మనిషికి అది కాస్త కష్టమే.

కాలం దగ్గరే చాలా గేములు తడబడతాయి. మైన్‌క్రాఫ్ట్‌లో చాలాకాలం పాటు సర్వర్‌లో అందరూ మంచమెక్కితే తప్ప తెల్లారేది కాదు. ఎవడో ఒకడు గనిలో ఉండిపోతాడు, మిగతావాళ్లు పడుకుని వాణ్ణి తిడుతుంటారు. 2021లో వచ్చిన 1.17 వెర్షన్‌లో, ఎంతమంది పడుకుంటే చాలో శాతం పెట్టుకునే వీలిచ్చారు. మంచు అడవిలో బతికే ది లాంగ్ డార్క్‌లోనైతే ఈ చిక్కు ఇంకా పెద్దది. అందులో ఎనిమిది గంటల నిద్ర తెర మీద కొద్ది క్షణాల్లో గడిచిపోతుంది. బొగ్గుతో మ్యాప్ గీసుకోవడం, మంచు కరిగించుకోవడం, జింకని కోయడం, అన్నీ గడియారాన్ని ముందుకు తిప్పేసే పనులే. ఒకరు పడుకుని ఇంకొకరు నడుస్తుంటే ఆ గడియారం ఎవరి లెక్కన తిరగాలి? అందుకే హింటర్‌ల్యాండ్ వాళ్లు 2017లో పూర్తి విడుదల చేసినప్పుడు దాన్ని ఒంటరి ఆటగానే ఉంచారు. మంచు తుఫానులో దారి తప్పి, ఇంతకుముందు నేనే గీసుకున్న మ్యాప్‌లో ఒక బండరాయిని గుర్తుపట్టి గుడిసె చేరుకున్నప్పుడు కలిగిన సంతోషంలో వాటా ఇవ్వడానికి నాకు ఎవరూ అక్కర్లేదనిపించింది.

గ్రీన్ హెల్ సంగతి ఇటూ కాదు అటూ కాదు. 2019 సెప్టెంబర్‌లో ఒంటరి ఆటగా వచ్చింది, 2020 ఏప్రిల్‌లో నలుగురి దాకా ఆడే కో-ఆప్ చేర్చారు. అమెజాన్ అడవిలో చేతులూ కాళ్లూ తిప్పి చూసుకుంటూ జలగల్ని పీకడం దాని ప్రత్యేకత. మతి తగ్గితే తలలో గొంతులు వినబడతాయి, మనల్నే ఎగతాళి చేస్తాయి. ఒంటరిగా ఆడితే ఆ గుసగుసలకి ఒళ్లు జలదరిస్తుంది. వాయిస్ చాట్‌లో తమ్ముడూ వాడి ఫ్రెండూ సినిమా డైలాగులు కొడుతుంటే ఆ గొంతుల్ని ఎవరు వింటారు? కట్టడం, వేట, మోత మాత్రం నలుగురిలో హాయిగా సాగిపోయాయి. కథ కోసమైతే ఒంటరిగా, టైమ్‌పాస్ కోసమైతే గుంపుగా ఆడండి.

వాల్‌హైమ్ మొదటినుంచీ గుంపుని మనసులో పెట్టుకుని తయారైన గేమ్. 2021 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చేనాటికి ఐరన్ గేట్‌లో ఉన్నది ఐదుగురే. నెల తిరక్కుండానే 50 లక్షల కాపీల దాకా పోయింది. పదిమంది వరకు ఒకే ప్రపంచంలో ఉండొచ్చు, దగ్గర్లో ఎంతమంది ఉంటే శత్రువులు అంత మొండిగా తయారవుతారు. నాకు నచ్చింది ఆ లెక్క కాదు, పడవ. ఒకచోటి నుంచి ఇంకోచోటికి క్షణంలో చేర్చే పోర్టల్స్‌లోంచి మనుషులు పోగలరు కానీ రాగి, తగరం, ఇనుము లాంటి లోహాలు పోవు. బురదనేలల్లో తవ్విన ఇనుమంతా ఓడకెత్తి సముద్రం మీదుగా ఇంటికి తేవాల్సిందే. ఎదురుగాలి పడితే తెడ్డు వేయాలి. రాత్రిపూట, తుఫానులో పెద్దపాము లేస్తుంది. ఒంటరిగా చేస్తే ఇది విసుగు పుట్టించే రవాణా పని. ముగ్గురం ఉంటే ఒకరు చుక్కాని, ఇద్దరు బాణాలతో అంచుల దగ్గర కాపలా. ఆ ప్రయాణాలే మాకు గుర్తుండిపోయాయి కానీ చంపిన బాస్‌లు, అంటే ఆ పెద్ద శత్రువులు, కాదు. 2023లో పోర్టల్స్‌లోంచి అన్నీ పంపుకునేలా సెట్టింగ్ మార్చుకోవచ్చని ఆప్షన్ ఇచ్చారు. తమ్ముడు వెంటనే పెట్టేద్దామన్నాడు. సర్వర్ నాది, పెట్టలేదు.

కొండ అవతలి సంగతికి కూడా ఈ గేమ్ ఒక చక్కటి మందు కనిపెట్టింది. ఎవరి మ్యాప్ వాళ్లదే. ఒకరు తిరిగిన చోటు ఇంకొకరికి తనంతట తానే తెరుచుకోదు. 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌లో కార్టోగ్రఫీ టేబుల్ అని ఒక బల్ల ఇచ్చారు. తిరిగొచ్చినవాళ్లు తాము చూసినదాన్ని ఆ బల్ల మీద నమోదు చేస్తారు. కావాలనుకున్నవాళ్లు వచ్చి చదువుకుంటారు. వద్దనుకుంటే మానేస్తారు. నేను చాలాసార్లు మానేశాను. ఒకే ప్రపంచంలో ఉంటూనే నా అడవిని నేనే కనుక్కునే హక్కు నాకు మిగిలింది. ఇంత చిన్న బల్లతో తేలే విషయాన్ని చాలా గేములు ఇప్పటికీ గమనించకపోవడం చూస్తే ఒళ్లు మండుతుంది.

నో మ్యాన్స్ స్కై కథ అందరికీ తెలిసిందే. 2016 ఆగస్టులో 18 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని గ్రహాలతో వచ్చింది. విడుదలైన కొత్తలోనే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నా ఒకరికొకరు కనిపించలేదు. దాని మీద పెద్ద గొడవే అయింది. 2018 జూలైలో నెక్స్ట్ అప్‌డేట్‌తో అసలైన మల్టీప్లేయర్ ఇచ్చారు, 2019లో బియాండ్‌తో అందరూ కలుసుకునే నెక్సస్ అనే చోటు కూడా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మధ్యలో, 2017 ఆగస్టు అప్‌డేట్‌లో వచ్చిన అసంపూర్ణమైన ఏర్పాటే నచ్చింది. అప్పుడు 16 మంది వరకు ఒకరికొకరు తేలే వెలుగు బంతుల్లా కనిపించేవాళ్లు. మాట్లాడుకోవచ్చు, అంతకుమించి ఏమీ చేయలేరు. ఆ ఖాళీ గ్రహాల మీద అలాంటి వెలుగొకటి అల్లంత దూరాన కనబడితే వచ్చే పులకింత, ఇప్పుడు నెక్సస్‌లో గంతులేసే గుంపుని చూస్తే రాదు. ఇది నా పిచ్చి అనుకోండి. గ్రహాలు ఒకదానిలా ఒకటి అనిపించడం మొదలయ్యాక బేస్ కట్టుకోవడానికి స్నేహితులుంటేనే ఆ గేమ్ నిలబడుతుందన్నది కూడా నిజమే.

రస్ట్, డేజీ లాంటివి ఈ లెక్కలోకి రావు. అక్కడ భయపెట్టేది ప్రకృతి కాదు, పక్కవాడు. అది వేరే ఆట.

కో-ఆప్‌లో అసలు తలనొప్పి దయ్యాలూ పాములూ కాదు, సేవ్ ఫైల్. చాలా గేముల్లో ప్రపంచం దాన్ని మొదలుపెట్టి హోస్ట్ చేసినవాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది. వాళ్లు ఆన్ చేస్తేనే మిగతావాళ్లు రాగలరు. అబ్సిడియన్ వాళ్ల గ్రౌండెడ్ ఈ ముడి విప్పింది. చీమంత సైజుకి కుంచించుకుపోయిన నలుగురు పిల్లలు పెరటి గడ్డిలో బతికే ఆట అది. 2022 సెప్టెంబర్‌లో పూర్తిగా విడుదలైంది. అందులో షేర్డ్ వరల్డ్ అని పెట్టుకుంటే నలుగురిలో ఎవరైనా, మిగతావాళ్లు లేకపోయినా, అదే ప్రపంచాన్ని కొనసాగించొచ్చు. ఇది ఎంత సుఖమో అంత ప్రమాదం కూడా. నాకు పని ఎక్కువై కొన్నాళ్లు రాలేకపోయాను. తిరిగొచ్చేసరికి మా చిన్న గుడిసె ఉన్నచోట రెండంతస్తుల కోట లేచింది, చెరువు అడుగున ఏముందో అందరికీ తెలిసిపోయింది. నా చేతికి మంచి కవచం ఇచ్చి, "అక్కా, నీకోసం చేసి పెట్టాం" అన్నారు. ప్రేమే, కాదనను. కానీ ఆ చెరువులో నేను ఇక చుట్టాన్ని. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరికి ఖాళీ ఉన్నప్పుడు వాళ్లు వచ్చి కట్టెలు, రాళ్లు ఎన్నైనా పోగేయొచ్చు. కొత్త ప్రాంతంలో మాత్రం అందరూ ఉన్నప్పుడే కాలు పెట్టాలి. గేమ్ చేయని పనిని మేమే చేసుకున్నాం.

సన్స్ ఆఫ్ ది ఫారెస్ట్ ఇంకో దారి చూపించింది. 2023 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చినప్పుడు ఎనిమిదిమంది కో-ఆప్ ఉన్నా, అందరి నోళ్లలో నానింది కెల్విన్ పేరు. ఆట మొదట్లోనే చెవులు దెబ్బతిని వినికిడి పోయిన సహచరుడు. నోట్‌ప్యాడ్ మీద రాసి చూపిస్తే దుంగలు తెస్తాడు, చేపలు పడతాడు. మాట్లాడడు, దారి చెప్పడు, గుహలో ఏముందో ముందే చెప్పేయడు. చాకిరీలో సగం మోసి, తెలుసుకునే సంతోషం మొత్తం మనకే వదిలేస్తాడు. కొత్తలో వాడు మన చెట్టిల్లు ఉన్న చెట్టునే నరికేసిన సంఘటనలు బోలెడు. అది కూడా మంచి తోడు లక్షణమే అని నేను వాదిస్తాను.

ఇప్పుడు చూస్తే ఒంటరితనానికి పేరుమోసిన రెండు గేములూ రెండో భాగంలో తలుపులు తీస్తున్నాయి. సబ్‌నాటికా 2కి నలుగురి వరకు కో-ఆప్ ప్రకటించారు. లాంగ్ డార్క్ రెండో భాగం బ్లాక్‌ఫ్రాస్ట్‌కి కూడా కో-ఆప్ ఉంటుందన్నారు. రెండింటినీ ఒంటరిగానూ ఆడుకోవచ్చట, అది కొంత నయం. కొనేముందు వాటిలో నేను చూసేవి రెండు. ఒకరు తిరిగిన చోటు అందరికీ తనంతట తానే తెలిసిపోతుందా, లేక చెప్పుకుంటేనే తెలుస్తుందా అన్నది మొదటిది. గొంతు దూరాన్ని బట్టి తగ్గుతుందా అన్నది రెండోది. 2023లో వచ్చిన లీథల్ కంపెనీ ఆడినవాళ్లకు ఈ రెండోదాని బలం తెలుసు. పక్క గదిలో మాట్లాడుతున్న స్నేహితుడు వాక్యం మధ్యలో ఆగిపోతే, అక్కడ ఏం జరిగిందో ఊహించుకోవడమే మిగులుతుంది. నీళ్లలోనూ అలాగే ఉండాలి. ముప్పై మీటర్లు దాటితే తమ్ముడి గొంతు మసకబారాలి, ఇంకాస్త లోతుకి దిగితే రేడియో కట్టుకుంటే తప్ప వినబడకూడదు. ఇవి రెండూ ఉంటే మొదటి రాత్రే వాడితో కలిసి దిగుతాను. లేదంటే ముందు నేనొక్కదాన్నే అడుగుదాకా చూసొచ్చి, ఆ తర్వాత వాడికి బేస్ గోడలు కట్టిపెట్టడానికి వెళ్తాను.